నర్సాపురంలో నేనల్లిన తాబేలు

మీ ఇంట్లో టీపాయ్ మీద కాఫీ గ్లాసుల మరకలు ఉన్నాయా? మా ఇంట్లో అయితే ఆ గుండ్రటి మచ్చలు లెక్కపెట్టి ఎన్నేళ్ల కాపురమో చెప్పేయొచ్చు! మా అమ్మాయి మాత్రం కొత్త ఫ్లాటు కొనుక్కున్న దగ్గర్నించీ గ్లాసు కింద ఏదో ఒకటి పెట్టందే ఊరుకోవడం లేదు. ఆ మధ్య ఫోన్లో బొమ్మ చూపించింది. దారంతో అల్లిన తాబేలు. గుండ్రటి డిప్ప మీద గ్లాసు పెట్టుకోవడం, చుట్టూ తల, కాళ్లు, తోక. "గృహప్రవేశానికి వచ్చిన వాళ్లకి తాంబూలంతో పాటు ఇస్తానమ్మా, రెండు డజన్లు కావాలి" అంది.

బజార్లో ఎందుకు, మా పిన్ని ఉండేది నర్సాపురం పక్కనే లక్ష్మణేశ్వరంలో. ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు సూది పట్టని ఇల్లు అరుదు. పిన్నిని చూసి కూడా నాలుగేళ్లయింది. ఒక్కదాన్నే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

హైదరాబాదు నుంచి రాత్రి బండి. తెల్లవారి ఆకివీడు, ఉండి దాటుతుంటే కిటికీకి రెండు పక్కలా చేపల చెరువులే. భీమవరం వచ్చాక కొబ్బరి చెట్లు చిక్కబడతాయి. పాలకొల్లులో సగం బండి ఖాళీ అయిపోతుంది. (ఆ ఊళ్లో దిగితే దిబ్బరొట్టె తినకుండా రాకండి. నేను దిగలేదు, ఇప్పటికీ బాధగానే ఉంది.) ఆ తర్వాత నర్సాపురం. పట్టాలు అక్కడితో సరి, అవతల వశిష్ఠ గోదావరి.

పిన్ని అరుగు మీదే ఉంది. డెబ్బైకి దగ్గర పడింది, కళ్లజోడు మందంగా అయింది కానీ చేతిలో సూది మాత్రం అలాగే ఉంది. పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది, వేళ్లు వాటి మానాన అవి అల్లుకుపోతున్నాయి. నేను బొమ్మ చూపించి ఎంతవుతుందని అడిగాను.

"దారం నాదే అయితే ఒక్కోటి యాభై ఇవ్వండి అక్కయ్యగారూ" అంది.

"రెండు డజన్లు కదా, నలభై చేసుకో" అన్నాను. అలవాటు ప్రాణం చూడండి, కూరగాయల బండి దగ్గర ఎలా వస్తుందో అలాగే వచ్చేసింది మాట. ఆవిడ ఏమీ అనకుండా నవ్వింది. పిన్ని మాత్రం నావంక ఓసారి చూసి, లోపల్నించి ఓ దారపు ఉండ, సూది తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ముందు నువ్వొకటి అల్లవే, తర్వాత బేరం ఆడుదువుగాని."

నేను చిన్నప్పుడు తలుపు తోరణాలూ, రేడియో మీద గుడ్డలూ అల్లినదాన్నే. ఇంటర్ పరీక్షలయ్యాక పెళ్లయ్యేదాకా అదే పని. ఇదెంతలే అనుకున్నాను. మీరూ ప్రయత్నించేటట్టయితే పిన్ని చెప్పిన పద్ధతి రాస్తున్నాను.

ఊలు వద్దు, నూలు దారమే కావాలి. చల్లటి గ్లాసు కింద చేరిన చెమ్మను నూలే పీల్చుకుంటుంది. లేసు గుడ్డలకు వాడే సన్నదారం కాకుండా కాస్త లావుది తీసుకోండి. ఆరు చైన్లు వేసి కలిపితే రింగు వస్తుంది. మూడు చైన్లు ఎత్తి (అది ఒక డబుల్ కింద లెక్క) రింగులో ఇంకో పదకొండు డబుల్ వేస్తే మొత్తం 12. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, అంటే 24. మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, అలా 36. నాలుగో చుట్టులో రెండింట్లో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు, 48. డిప్ప అయిపోయింది. అరచేయంత వెడల్పు వస్తుంది.

నాకు మాత్రం డిప్ప రాలేదు, గిన్నె వచ్చింది! మూడో చుట్టులో మాటల్లో పడి పెంచడం మర్చిపోయాను. "పెంచకపోతే గిన్నె అవుతుంది, ఎక్కువ పెంచితే గౌను కుచ్చిళ్లలా లేస్తుంది. చుట్టు చుట్టుకీ పన్నెండే పెంచాలి" అని పిన్ని సగం పైగా లాగేసింది. దారం లాగుతుంటే ప్రాణం ఉసూరుమంది. భోజనాలయ్యాక మళ్లీ మొదలు.

ఇక అంచు. 48 కుట్లలో తలకు ఆరు, కాలికి నాలుగు చొప్పున పదహారు, తోకకు రెండు. తలకీ కాలికీ మధ్య నాలుగు, కాలికీ కాలికీ మధ్య నాలుగు, వెనక కాలికీ తోకకీ మధ్య నాలుగు కుట్లు ఖాళీగా వదలాలి. చుట్టూ ఆరు ఖాళీలు, లెక్క సరిపోతుంది. ఈ చుట్టుకి రంగు మార్చుకుంటే బాగుంటుంది, గోధుమ రంగు డిప్పకి ఆకుపచ్చ కాళ్లు. కాలు వచ్చిన చోట ఆ నాలుగు కుట్ల మీదే సింగిల్‌తో అటూ ఇటూ మూడు వరసలు తిరిగి, పక్కనించి కిందకి దిగి ముందుకు వెళ్లాలి. తలకి అయిదు వరసలు, చివరి రెండు వరసల్లో ఒక్కో కుట్టు తగ్గించుకుంటే ముందు వైపు సన్నబడుతుంది. తోకకి మూడు చైన్లు చాలు. కళ్లకి నల్లదారంతో ముడి వేయండి, పూసలు కుట్టకండి, గ్లాసు తగిలితే ఊడి వస్తాయి.

దీపాలు పెట్టేవేళకి నా తాబేలు పూర్తయింది. ఒక కాలు పొడుగు, తల వంకర. "పీత బాగానే వచ్చింది" అంది పక్కింటావిడ. అప్పటికి ఆవిడ నాలుగు పూర్తి చేసింది, మధ్యలో లేచి అన్నం వార్చి, పిల్లాడికి పెట్టి, గేదెకి కుడితి పోసి వచ్చింది కూడా.

నేను మాట మార్చడానికన్నట్టు, ఏజెంటు ఎంతిస్తాడు అని అడిగాను. దారం వాళ్లే ఇచ్చి, ఇంతటి ముక్కకి పద్దెనిమిది రూపాయలు కూలి ఇస్తారట. గంటా గంటన్నర పని. నా నలభై గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. "యాభయ్యే తీసుకో" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అంది, బేరం అసలు జరగనట్టే.

ఈ పని ఈ ఊళ్లకి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వల్ల వచ్చింది. విదేశాలకి వెళ్లేది కూడా అప్పట్నించీ ఇళ్లలో కూర్చుని ఆడవాళ్లు అల్లిందే. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ ఇక్కడికొచ్చి ఈ లేసు ఆడవాళ్ల మీద పుస్తకం రాసిందని, అది 1982లో అచ్చయిందని పిన్ని కూతురు చెప్పింది. అది ఎమ్మే చదివింది లెండి. రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లుతున్నా, వీళ్లు ఖాళీ టైములో చేసే పనిగానే దాన్ని అందరూ లెక్కేస్తున్నారని ఆ పుస్తకంలో ఉందట. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి ఇంకెక్కడిదో అమ్మకూడదన్నమాట.

ఖాళీ టైము అనగానే పిన్ని నవ్వి ఓ మాట చెప్పింది. 2011లో జనాభా లెక్కలకి వచ్చినప్పుడు, ఇంటావిడ ఏం చేస్తారని అడిగితే బాబాయి, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడట. పిన్ని ఆ పక్కనే కూర్చుని అల్లుతోంది. ఆ ఏడాది తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు కట్టింది ఆ లేసు డబ్బులే. "నువ్వేమీ అనలేదా పిన్నీ?" అన్నాను. "చుట్టు మధ్యలో ఉన్నానే, లెక్క తప్పిపోతుందని ఊరుకున్నాను" అంది. నాకు నవ్వు రాలేదు. మా ఇంటికొచ్చిన వాళ్లకి నా గురించి నేనే ఆ జవాబు చెప్పాను.

మర్నాడు పంటి ఎక్కి సఖినేటిపల్లి రేవు దాటి అంతర్వేది వెళ్లాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాం. చలికాలంలో ఈ తీరానికి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆలివ్ రిడ్లీలంటారు, రెండడుగుల డిప్ప ఉంటుంది. మాకు ఒక్కటీ కనిపించలేదు. పిన్ని ఇసక మీద వేలితో తాబేలు గీసి, "ముందు కాళ్లు తెడ్లలా ఉంటాయే దానికి, వెనకవి పొట్టి. నీ పీతకి ఒక కాలు పొడుగొచ్చిందని బాధపడకు, ఇంకోటీ పొడుగు చేసెయ్" అంది. తిరిగొచ్చి అలాగే చేశాను. పక్కింటావిడ కూడా అదే బాగుందని తను అల్లేవాటికి ముందు కాళ్లకి అయిదు వరసలు వేస్తోంది.

అల్లాక ఒక పని మర్చిపోకండి. పల్చటి గంజిలో ముంచి పిండి, తువ్వాలు పరిచిన చెక్క మీద కాళ్లూ తలా సర్ది గుండుసూదులు గుచ్చి నీడన ఆరబెట్టాలి. అప్పుడే అంచులు ముడుచుకోకుండా బల్లపరుపుగా ఉంటుంది. గంజి చిక్కగా ఉంటే మాత్రం గట్టిపడి గ్లాసు జారుతుంది.

పన్నెండు తాబేళ్లు నాతో తెచ్చుకున్నాను, మిగతా పన్నెండు పార్సిల్లో వస్తాయి. నా పీతని మా టీపాయ్ మీద పెట్టాను. మావారు దాని మీద కాఫీ గ్లాసు పెడుతూ, "ఇదెంత పడింది?" అన్నారు. "ఒక రోజంతా పట్టింది" అన్నాను. ఆయన గ్లాసు ఎత్తి, దాన్ని తిరగేసి మరగేసి చూసి, మళ్లీ జాగ్రత్తగా కింద పెట్టారు.