టేపు రెండో కొస

సికింద్రాబాదు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తున్న ఒక తండ్రికి తన కుమార్తె కంప్యూటర్ ఇంజనీరు కావాలని కోరిక. ఆ చుట్టుపక్కల క్వార్టర్లలోని పిల్లలు చాలామంది పట్టిన దారి అదే. కాని ఆమె ఇంటర్మీడియట్ పూర్తి చేసి, నాటా పరీక్ష రాసి, 2021లో ఆర్కిటెక్చర్ కోర్సులో చేరింది. ఇంజనీరింగ్ నాలుగేళ్లయితే ఇది ఐదేళ్లు. ఆపైన 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదయితే తప్ప ఆర్కిటెక్టునని చెప్పుకొనే హక్కు కూడా లేదు.

“ఇల్లు కట్టడానికి మేస్త్రి చాలడా అమ్మా?” అని తండ్రి అడిగాడు. ఆనాడు ఆమె వద్ద సమాధానం లేదు.

మొదటి సంవత్సరమంతా గీతలతోనే గడిచింది. గాలి ఎటు నుండి వీస్తుంది, పడమటి ఎండ ఏ గదిలో పడుతుంది, కప్పు బరువు గోడల గుండా పునాదికి ఎట్లా దిగుతుంది అనేవన్నీ చివరకు కాగితం మీద గీతలుగా మారవలసిందే. అర్ధరాత్రి దాటేవరకు గీసిన పటంపై మరునాడు అధ్యాపకులు ఎర్ర సిరాతో మరొక గీత గీసేవారు.

రెండవ సంవత్సరంలో ఏదైనా ఒక పాత కట్టడాన్ని కొలిచి పటం గీయమన్నారు. ఆమె 1897లో ప్రారంభమైన సికింద్రాబాదు గడియారస్తంభాన్ని ఎంచుకొన్నది. ఆదివారం తెల్లవారుజామున, వాహనాల రద్దీ మొదలుకాక ముందే వెళ్లాలి. తోడు వస్తానన్న స్నేహితురాలు రాలేదు. టేపు రెండో కొస పట్టుకోవడానికి తండ్రి వచ్చాడు.

స్తంభం ఎక్కకుండానే ఎత్తు తెలుసుకొనే ఉపాయం ఒకటున్నది. కోణమానినికి దారం కట్టి, దారానికి చిన్న బరువు వేలాడదీసి, శిఖరం 45 డిగ్రీల కోణంలో కనిపించే చోట నిలబడాలి. అక్కడి నుండి స్తంభానికి గల దూరానికి కంటి ఎత్తును కలిపితే స్తంభం ఎత్తు వస్తుంది. ఆమె కొలిచింది, కలిపింది. పుస్తకాలలోని 120 అడుగులకు లెక్క చాలా తక్కువగా వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే.

అంతవరకు మౌనంగా చూస్తున్న తండ్రి, “నువ్వు గోడ దాకా కొలిచావు. శిఖరం గోడ మీద లేదు కదమ్మా, నడిమధ్యన ఉంది. అడుగు వెడల్పులో సగం కలుపు” అన్నాడు. ఇరుసు నడిమి నుండి కొలతలు తీయడం అలవాటైన చేయి అది. ఆ పటానికి తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. ఇంట్లో మేస్త్రి మాట మళ్లీ రాలేదు.

ఆ తరువాత ఆమె సికింద్రాబాదు రైల్వేస్టేషన్ కమానుల ముఖద్వారాన్ని గీయడం మొదలుపెట్టింది. సగం కొలిచి, మిగిలినది సెలవులలో చూద్దామనుకొన్నది. సెలవులు వచ్చాయి, పోయాయి. 2025 ఫిబ్రవరిలో, కొత్త స్టేషన్ నిర్మాణం కోసం ఆ ముఖద్వారాన్ని కూల్చివేశారు. 1874 నాటి స్టేషన్ నేటి ప్రయాణికులకు చాలదనడంలో అసత్యం లేదు. చాలనిదల్లా కూల్చవలసిందేనా అన్నది వేరే ప్రశ్న.

ఆ సాయంత్రం డ్యూటీ నుండి వచ్చిన తండ్రి సగం పటాన్ని అడిగి తీసుకొని చాలాసేపు చూశాడు. “ఇటువైపు ఏది తల్లీ?” అన్నాడు.

ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పాత కట్టడాల పరిరక్షణ చదవాలని ఆమె నిశ్చయించుకొన్నది ఆ తరువాతనే. ఐదవ సంవత్సరం ప్రాజెక్టుకు మోండా మార్కెట్‌ను తీసుకొన్నది. పాత కట్టడాన్ని పడగొట్టకుండా నేటి వ్యాపారానికి అనువుగా ఎట్లా మార్చవచ్చునన్నది దాని విషయం. ఆ చదువుకు జీతమెంత వస్తుందని తండ్రి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. ఆదివారం మాత్రం కూరగాయల బండ్లు నిండకముందే, డ్యూటీ సంచిలో టేపు పెట్టుకొని ఆమె కంటే ముందు వాకిట నిలబడతాడు.