నీళ్లు యాడికి పోతాయి?

మా పడమటి కర్నూలు ఊళ్లలో నీళ్ల కోసం పెట్టుకున్న అర్జీలన్నీ కుప్ప పోస్తే ఆదోని కొండంత అవుతాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరిదాకా రాలేదని ఒకటి, బోరు ఎండిపోయిందని ఇంకొకటి, ట్యాంకరు మా వీధి మొగదల నుంచే వెనక్కి తిరిగిందని మరొకటి. అన్నీ నీళ్లు రావడం గురించే. వాడేసిన నీళ్లు బయటికి పోవడానికి కూడా అనుమతి అడగాలంటే జనం ముందు నవ్వుతారు. ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే షెడ్డు నడుపుతున్న మా మామ కూడా నవ్వాడు.

"పోయే నీళ్లకు పర్మిషన్ ఏందప్పా? వచ్చే నీళ్లకు కదా కాళ్లు పట్టుకోవాల్సింది!"

షెడ్డు పెంచడానికి బ్యాంకులో అప్పు అడిగితే కాలుష్య నియంత్రణ మండలి కాగితం తెమ్మన్నారు. కంప్యూటర్ తెలిసిన అల్లుణ్ణి కాబట్టి దరఖాస్తు నింపే పని నా మీద పడింది.

ఎమ్మిగనూరుకు నేత కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దుప్పట్లు, తువాళ్లు ఈ ఊరి పేరు మీదే ఊళ్లు దాటాయి. మగ్గం గురించి అందరూ మాట్లాడతారు, పాటలు కూడా కడతారు. మగ్గం ఎక్కే ముందు నూలు మునిగే తొట్టి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ప్రభుత్వం మాట్లాడింది. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్యం ఎంతో చూసి పరిశ్రమలకు రంగులు పంచినప్పుడు, అద్దకం లేని చేనేతను తెలుపులో పెట్టింది, నూలుకు రంగులద్దే పనిని ఎరుపులో పెట్టింది. ఒకే వీధిలో, ఒకే గోడకు అటు ఇల్లు తెలుపు, ఇటు షెడ్డు ఎరుపు!

దరఖాస్తులో అడిగేవి వినడానికి తేలిక. నీళ్లు ఎక్కడ నుంచి తెస్తారు, రోజుకు ఎన్ని, ఏ పనికి ఎన్ని, వాటిలో ఎన్ని బయటికి వస్తాయి, చివరికి ఎక్కడ కలుస్తాయి. మామ ఇన్నేళ్లలో రంగును గ్రాముల్లో తూచాడు, నూలును కేజీల్లో తూచాడు, నీళ్లను మాత్రం ఏనాడూ కొలవలేదు. బోరు మోటారు ఎంతసేపు ఆడుతుందో చెప్పాడు. సరే, బిందె పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో గడియారం చూసి లెక్క కట్టాం. వచ్చిన అంకె చూసి మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని నీళ్లుంటే ఒక మడి పారతాది కదప్పా" అన్నాడు.

రంగు తొట్టి దగ్గర ఒకపూట నిలబడితే ఆ అంకె ఎందుకంత పెద్దదో తెలుస్తుంది. నూలు చిలపలను కర్రలకు తగిలించి వేడి నీళ్లలో దించుతారు. ముందు సోడా వేసి ఉడికించి నూలుకున్న జిడ్డు తీస్తారు. ఆ నీళ్లు పారబోయాలి. తర్వాత రంగు, గుప్పెళ్లతో కాదు, చాటలతో ఉప్పు. రంగు నీళ్లను వదిలి దారాన్ని అంటుకోవాలంటే ఉప్పు కావాలి, అంటుకున్నది నిలవాలంటే మళ్లీ సోడా కావాలి. ఎంత చేసినా కొంత రంగు అంటదు. దాన్ని వదిలించడానికి ఒక కడుగు, సబ్బు నీళ్లతో మరో కడుగు, మళ్లీ మంచినీళ్లతో ఇంకొకటి. వేసిన ఉప్పు మాత్రం వేసినంతా నీళ్లతోపాటే బయటికి నడుస్తుంది. ఇవాళ ఏ రంగు ఆర్డరో ఆ వీధి పిల్లలు షెడ్డులోకి రాకుండానే చెబుతారు, బయట కాలువ చూసి.

ఇక చివరి ప్రశ్న. నీళ్లు ఎక్కడ కలుస్తాయి?

"యాడికి పోతాయి? కాలవలోకి పోతాయి. అదే రాయి."

రాయొచ్చు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం మురుగు కాలువ అంటే ఏమిటో చెబుతూ, అది తెరిచి ఉన్నదైనా మూసి ఉన్నదైనా ఒకటే అంది. కాబట్టి మామ షెడ్డు ముందున్న, బండలు సగం లేచిపోయిన సైడు కాలువ కూడా చట్టం దృష్టిలో లండన్ భూగర్భ మురుగు సొరంగంతో సమానమే. నాకు ఇందులో పెద్దమనసు కనిపించింది, కొలతల పట్టిక చూసేదాకా.

ఆ పట్టిక 1986 పర్యావరణ నిబంధనల్లో ఆరో షెడ్యూలు. మురుగులో ఉన్న కుళ్లే సరుకును తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో కొలుస్తారు. దాన్నే బీఓడీ అంటారు. ఊరి మురుగు కాలువలోకి వదిలితే లీటరుకు 350 మిల్లీగ్రాముల దాకా సరే, వాగులోకి, చెరువులోకి వదిలితే 30 దాటకూడదు. (ఈ పరీక్ష 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చేస్తారు. మా ఎండల్లో 27 డిగ్రీలు దొరికేది ఆ పరీక్ష పెట్టెలోనే.) కింద సన్నక్షరాల్లో ఒక మాటుంది. ఆ కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటేనే 350 చెల్లుతుంది, లేకుంటే వాగులోకి వదిలినట్టే లెక్క.

అసలు మెలిక అక్కడుంది. మామ షెడ్డులోంచి అవే నీళ్లు, అదే రంగుతో, అదే కాలువలో పడతాయి. కాలువ చివర ఊరు ఒక శుద్ధి కేంద్రం కట్టి ఉంటే ఆయన మర్యాదస్తుడు, కట్టకపోతే నేరస్తుడు. సాయంత్రం చల్లబడ్డాక ఆ కాలువ వెంబడే నడిచాం. అది టీ కొట్టు వెనక నుంచి, బండ్లు కడిగే సర్వీసింగ్ సెంటర్ నురుగు కలుపుకొని, ఒక కల్యాణమండపం ఎంగిలి నీళ్లు కలుపుకొని, ముళ్లచెట్లలోంచి వంకలో పడింది. దారిలో మామ నీళ్లు ఏవో, పెళ్లి నీళ్లు ఏవో ఎవరు విడదీస్తారు?

అనుమతి అనే ఈ పద్ధతి పుట్టిన చోట ఇలా లేదు. ఇంగ్లండులో 1937 చట్టం మిల్లుల మురుగును ఊరి కాలువలోకి వదిలే హక్కునే వ్యాపారికి ఇచ్చింది, ముందు నోటీసు ఇచ్చి, షరతులకు ఒప్పుకుంటే చాలు. ఊరు అప్పటికే కాలువ కట్టింది, చివర శుద్ధి చేస్తోంది, కాబట్టి 'ఇంతవరకే వదులు' అనగలిగింది. మనం కాలువ కంటే ముందు ఫారం తెచ్చుకున్నాం.

డబ్బుల్లేవనే మాట మున్సిపాలిటీలకు ఎప్పుడూ ఉండేదే. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో వీధి కాలువల కంపు, సారా ఫ్యాక్టరీ మురుగు భరించలేక జనం కోర్టుకెక్కితే అక్కడి మున్సిపాలిటీ ఆ మాటే అంది. 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తీర్పు రాసింది కృష్ణయ్యర్, పక్కన కూర్చున్నది మన చిన్నప్పరెడ్డి. జనం ఆరోగ్యం కాపాడాల్సిన సంస్థ బీదరికం చూపించి తప్పుకోకూడదన్నారు. 1865 నుంచి మున్సిపాలిటీ ఉన్న ఆదోనికి ఈ తీర్పు ఫ్రేము కట్టించి పంపాలని నాకుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు ఎన్నున్నా వాటి నుంచి వచ్చేది దూది దుమ్మే. నూనె శుద్ధి చేసేచోట మాత్రం కడిగిన నీళ్లు తప్పవు. ఇక హోటళ్లు, ఆసుపత్రులు, వీధికొకటి పెట్టిన నీళ్ల ప్లాంట్లు పారబోసే ఉప్పు నీళ్లు ఉండనే ఉన్నాయి.

అలాగని మామను వెనకేసుకు రాను. తిరుప్పూరులో ఏమైందో చూశాం. నొయ్యల్ నది మీద సాగునీటికని కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగు నీళ్ల గుంట అయింది, కింది పొలాలు పాడయ్యాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం షెడ్లన్నీ మూయమంది. అక్కడ అసలు దెబ్బ కొట్టింది రంగు కంటే ఉప్పు. మామూలు శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులు మురికిని తింటాయి గానీ ఉప్పును ముట్టవు. బోరు నీళ్లే ఉప్పగా ఉండే మన నేలలో పైనుంచి ఇంకా ఉప్పు పోస్తే దిగేది మళ్లీ ఆ బోరులోకే.

మామకు అర్థమయ్యాక పనులు చకచకా జరిగాయి. చివరి కడుగు నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి, వాటిని తర్వాతి దఫా మొదటి కడుగుకు వాడుతున్నాడు. బోరు ఆడే సమయం తగ్గింది, కరెంటు బిల్లు కూడా. ముదురు రంగు, ఉప్పు ఉన్న నీళ్లను వేరుగా పట్టి, సున్నం, పటిక కలిపి తేర్చి, వెడల్పాటి సిమెంటు మడుల్లో ఎండకు వదులుతున్నాడు. ఎమ్మిగనూరులో ఎండకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. దరఖాస్తులో 'చివరికి ఎక్కడ కలుస్తాయి' అన్నచోట కాలువ అనే మాట కొట్టేసి 'ఆవిరి మడులు' అని రాశాం. అడిగిన నాలుగు నెలల్లో మండలి ఔననకపోయినా, కాదనకపోయినా అనుమతి వచ్చినట్టేనని 1974 చట్టంలో ఉందని చెబితే మామ, "బ్యాంకోనికి ఆ మాట నువ్వే పోయి చెప్పు" అన్నాడు.

మడులు ఎండాక అడుగున మిగిలిన మడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో ఎత్తి షెడ్డు మూలన పేర్చాడు. వాటిని ఊరి చెత్తబండిలో వేయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాటికి ఇంకో దరఖాస్తు ఉంది. అది ఇంకా మామకు చెప్పలేదు.