ఈ రాత్రికి మీతో ఎవరుంటారు?

మాది శ్రీకాకుళం జిల్లా. మా ఊళ్ళో ఇంటికొకరు మిలిటరీలో ఉంటారు. నాన్న హవల్దారుగా రిటైరయ్యాక, తోటి సైనికులు చాలామందిలాగే సికింద్రాబాద్‌లోనే ఉండిపోయారు. నేరేడ్‌మెట్‌లో వినాయక్‌నగర్ దగ్గర రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. మిలిటరీ క్యాంటీన్ దగ్గర, ఆస్పత్రి దగ్గర, పిల్లల చదువులకీ లోటు లేదు. మా వీధిలో తమిళులున్నారు, మలయాళీ క్రైస్తవులున్నారు, నాందేడ్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. భాష వేరైనా, తిండి వేరైనా, దేవుడు వేరైనా ఆ వీధిలో ఎవరికీ ఇబ్బంది లేదు. నా సంగతి ఆ జాబితాలో లేనిది. నాకు అమ్మాయిలంటే ఇష్టం.

నాకు పదో తరగతిలోనే తెలుసు. ఇంట్లో మాత్రం 2023 వానాకాలంలో తెలిసింది. అప్పటికి నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఎలా తెలిసిందో రాయను. అందులో ఇంకో అమ్మాయి కూడా ఉంది, ఆమె బతుకు ఆమెది.

తర్వాత జరిగినవి వరసగా చెబుతాను. నా ఫోన్ నాన్న బీరువాలోకి వెళ్ళింది. కాలేజీ ఆగింది. పలాస నుంచి పెద్దమ్మ వచ్చింది, సంబంధాల మాట మొదలైంది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వంటగదిలో నిలబడి, "ఏటే ఇది, నాకేటీ తెలీట్లేదు" అని మాత్రం అంది. నాన్న మాట్లాడటం మానేశారు. ఆయన నిశ్శబ్దం ఆ రెండు గదుల ఇంట్లో ప్రతి చోటా తగిలేది.

ఓ ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు నాన్నతో మాట్లాడారు, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "వయసు ప్రభావం, పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది" అన్నారు. మాత్రలు రాశారు. అవి దేనికో చెప్పలేదు. ఇంటికొచ్చాక అవి వేసుకుంటే పగలు కూడా కళ్ళు తెరవలేకపోయేదాన్ని.

నాకు తర్వాత తెలిసిన విషయాలు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అలాంటి గదిలో ఇంకెవరైనా కూర్చుని ఉండొచ్చు. ఒకే లింగానికి చెందినవాళ్ళను ఇష్టపడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం 2018లో అదే మాట చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను మా వరకు రద్దు చేసింది. ఇష్టాన్ని 'మారుస్తామని' వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల అది వచ్చింది. అంటే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేనాటికే అన్నీ తేలిపోయి ఉన్నాయి. ఆ గదిలోకి మాత్రం అవేవీ రాలేదు.

చనిపోవాలనుకునేవాళ్ళు ఏడుస్తూ ఉంటారని అనుకునేదాన్ని. నాకు ఏడుపు రాలేదు. నిద్ర పోయింది, ఆకలి పోయింది, తర్వాత భయం కూడా పోయింది. నేను లేకపోతే అమ్మ కొన్నాళ్ళు బాధపడి కోలుకుంటుందని, తమ్ముడి చదువుకు డబ్బు మిగులుతుందని లెక్కలు వేసుకున్నాను. అవి తప్పుడు లెక్కలని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎక్కాల్లా నిజమనిపించాయి. ఇంట్లో వాళ్ళకి నేను కుదుటపడ్డట్టు కనిపించాను. "కాస్త తేరుకుంది" అని పెద్దమ్మ ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. పిల్ల ఉన్నట్టుండి నెమ్మదించిందంటే గండం గడిచిందని అనుకోకండి. అడగండి.

ఆ రాత్రి తమ్ముడు ఇంటర్ పరీక్షకు చదువుకుంటున్నాడు. వాడి ఫోన్ అడిగాను. వాడు నా మొహం చూసి, ఎందుకని అడక్కుండా ఇచ్చాడు. ఆత్మహత్య వార్తల కింద పేపర్లు చిన్న అక్షరాల్లో నంబర్లు వేస్తాయి. సికింద్రాబాద్ సింధీ కాలనీలో ఉన్న రోష్నీ హెల్ప్‌లైన్ నంబరు అలా ఎప్పుడో చూశాను, కానీ అర్ధరాత్రి దాటాక అక్కడ ఎవరూ ఉండరు. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నొక్కడానికి ముందు నన్ను ఆపిన భయం పోలీసులు. రాచకొండ కమిషనరేట్ అప్పుడు మా నేరేడ్‌మెట్‌లోనే ఉండేది. రోజూ బస్సులోంచి కనిపించే భవనం. ఈ మాట ఎవరికైనా చెబితే కేసవుతుందని, నాన్న అక్కడికెళ్ళి తల దించుకుని నిలబడాలని ఊహించుకున్నాను. చట్టం అప్పటికే మారింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ఈ ఒక్క ముక్క ఊరూరా దండోరా వేయించాల్సిన విషయం. నాలాగే ఫోన్ పట్టుకుని, కేసు భయంతో కింద పెట్టేసినవాళ్ళు ఎందరుంటారో.

భాష ఎంచుకోమన్నారు. కాసేపు ఆగాను. ఓ ఆడగొంతు పలికింది. నా మొదటి మాట, "పోలీసులకు చెబుతారా?" అనే.

"ముందు మీరు చెప్పేది వింటానండి. మీ ప్రాణానికి ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే, సాయం ఎలా పంపాలో మీతోనే మాట్లాడతాను" అన్నారు. నేను ఏవో రెండు మూడు మాటలు చెప్పాను. ఆమె తడుముకోకుండా అడిగారు: "మీకు చనిపోవాలనిపిస్తోందా?"

అన్ని వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన ఇళ్ళల్లో భయపడతారు. అది నిజం కాదని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నాకైతే ఆ ప్రశ్న వినగానే ఒళ్ళంతా వణికింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళ నుంచి అనిపిస్తోంది, ఈ రాత్రే అనిపిస్తోందా, దగ్గర్లో ఏముంది అని ఒక్కొక్కటే అడిగారు. కారణం చెప్పాను, ఆ అమ్మాయి గురించి కూడా. అవతల గొంతులో మార్పేమీ రాలేదు. "ఆమె ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నారు.

మా గురించి అంతమంది అన్ని మాటలన్నారు. ఆమె ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నేను బతికాక ఎక్కువగా తలచుకున్నది ఈ ప్రశ్ననే.

"ఈ రాత్రికి మీతో ఎవరుంటారు?" అని చివర్లో అడిగారు. తమ్ముడున్నాడన్నాను. నా అనుమతి తీసుకుని వాడితో మాట్లాడారు. నా చేతికి అందకుండా వేటిని తీసేయాలో, నన్ను ఒంటరిగా ఎందుకు వదలకూడదో చెప్పారు. పదిహేడేళ్ళ పిల్లాడు, పుస్తకం మూసేసి తెల్లారేదాకా నా పక్కన కూర్చున్నాడు. నీతులేమీ చెప్పలేదు. తన ఫిజిక్స్ లెక్చరర్ గురించి ఏదేదో చెబుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత గాంధీ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళాం. ఓపీ చీటీ, పొడుగాటి వరస, బెంచీల మీద మాలాంటివాళ్ళే ఎందరో. చిన్న వయసు డాక్టరమ్మ తమ్ముణ్ణి బయట ఉండమని, నాతో విడిగా మాట్లాడింది. "నీ ఇష్టం జబ్బు కాదు. నిద్రలేకపోవడం, తినలేకపోవడం, బతకాలని లేకపోవడం, ఇది డిప్రెషన్. దీనికి మందుంది" అంది. మందు పట్టుకోవడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని, మొదటి రోజుల్లో కుదురుండకపోతే వెంటనే రమ్మని, నా అంతట నేను ఆపొద్దని చెప్పింది. పాత మాత్రలు చూసి ఒక్కొక్కటీ దేనికో వివరించింది.

తర్వాతి సారి అమ్మ వచ్చింది. "ఇదెప్పుడు తగ్గుతాది డాక్టరమ్మా?" అని అడిగింది. "నిద్ర వస్తుందమ్మా, ఆకలీ వస్తుంది. మీరడిగే సంగతి తగ్గేది కాదు, తగ్గక్కర్లేదు కూడా" అంది డాక్టరమ్మ. అమ్మకి నచ్చలేదు. కానీ సంబంధాల మాట చదువయ్యేదాకా వద్దని పెద్దమ్మకి చెప్పింది తనే. ఆ రోజుల్లో నాకు అది చాలా పెద్ద సాయం.

మందుతో పాటు మాట్లాడే చోటు కూడా కావాలి. రోష్నీలో కూర్చునేవాళ్ళు స్వచ్ఛంద సేవకులు. 1997 నుంచి నడుస్తున్న సంస్థ. సలహాలివ్వరు, పేరు పట్టుబట్టి అడగరు, చెప్పింది బయటికి పోనివ్వరు. సలహా ఇవ్వకపోవడం మొదట్లో కోపం తెప్పించింది. నా చుట్టూ అందరూ నా గురించి నిర్ణయాలు చేస్తున్న కాలంలో ఆ ఒక్క చోటే నిర్ణయం నాకు వదిలేశారని పోనుపోను అర్థమైంది. ఇంట్లోంచి ఫోన్ చేయడం కుదరదు. రెండు గదుల ఇంట్లో గుసగుస కూడా వినబడుతుంది. సఫిల్‌గూడ చెరువు పార్కుకు వెళ్ళి చేసేదాన్ని. హెల్ప్‌లైన్లు పెట్టేవాళ్ళు ఆలోచించాల్సిన సంగతి ఇది: నంబరుంటే సరిపోదు, మాట్లాడటానికి ఓ మూల ఉండాలి, చేతిలో ఫోనుండాలి. ఆడపిల్ల దగ్గర ముందు లాక్కునేది ఫోనే. పద్దెనిమిది నిండనివాళ్ళకు 1098 ఉంది, వాళ్ళకీ ఇదే చిక్కు.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కారణాలకు గడులుంటాయి: కుటుంబ సమస్యలు, అనారోగ్యం, ప్రేమ వ్యవహారాలు, పరీక్ష తప్పడం. నేను పోయి ఉంటే 'కుటుంబ సమస్యలు' గడిలో ఓ అంకెనై ఉండేదాన్ని. కులం పేరుతో వెనక్కి నెట్టినవాళ్ళు, ట్రాన్స్ పిల్లలు, చూపో వినికిడో లేక తరగతిలో ఒంటరైనవాళ్ళు, అందరూ అదే గడిలో కలిసిపోతారు. ఎవరికి ఏ సాయం అందలేదో ఆ కాగితం చూసి చెప్పలేం.

నాకు పరిచయమైన ఓ ట్రాన్స్ స్నేహితుడు నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్‌కి వెళ్ళేవాడు. 2021లో తెరిచారు, దేశంలో ట్రాన్స్ వ్యక్తుల కోసం పెట్టిన మొదటి క్లినిక్ అది. అక్కడ పనిచేసేవాళ్ళలోనూ ట్రాన్స్ వ్యక్తులుండేవారు. వాడి జీవితంలో తన పేరుతో తనని పిలిచిన మొదటి ఆస్పత్రి అదేనట. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరిచారు. మధ్యలో ఆ కొన్ని నెలలు వాణ్ణి వదలకుండా మేం కొందరం వంతులవారీగా మాట్లాడేవాళ్ళం. ఎక్కడో సంతకం పడితే ఇక్కడ ఓ పిల్లాడి డాక్టరు మాయమవడం ఎంతకీ మింగుడుపడదు నాకు.

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి పోరాడిన కేసు అది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను పెట్టాలి. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, ఎల్‌జీబీటీక్యూ, వికలాంగ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. టెలి మానస్ నంబరును తరగతుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాల్లో పెట్టాలి.

తమ్ముడు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీలో ఆ నంబరును ఆఫీసు గది ముందున్న నోటీసు బోర్డులో అంటించారు. అక్కడ నిలబడి చదివేవాళ్ళు అందరి కళ్ళల్లో పడతారు. బాత్‌రూమ్ తలుపులకు లోపలివైపు అంటిస్తామని వాడూ వాడి స్నేహితులూ ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టారు. తలుపు వేసుకున్నాక ఎవరూ చూడరు, చేతిలో ఫోనుంటుంది. కాగితం మీద ఏం రాయాలో నన్నడిగాడు. నంబరు, ఉచితమని, తెలుగులో మాట్లాడతారని, కేసు పెట్టరని రాయమన్నాను. అనుమతి ఇంకా రాలేదు. కాగితాలు మాత్రం ప్రింట్ తీయించి ఉంచాం.