గ్రూపు కలిస్తే చాలదు

కల్వకుర్తిలో ఎవరిని ఆపి అడిగినా రక్తం గ్రూపు టక్కున చెబుతారు. హైదరాబాదులో మనవాళ్లెవరికైనా ఆపరేషనంటే వాట్సాప్‌లో కబురు తిరుగుతుంది. సాయంత్రంలోగా ముగ్గురు నలుగురు కుర్రాళ్లు బస్సెక్కేస్తారు. అలాంటి ఊరు కాబట్టే ఇంకో గ్రూపు సంగతి మీ ముందు పెడుతున్నాను. దాని పేరు హెచ్‌ఎల్‌ఏ. రక్తంలో మనం చెప్పుకునే గ్రూపులు ఎనిమిది. హెచ్‌ఎల్‌ఏలో ఇప్పటికి లెక్కకెక్కిన రకాలే 40 వేలు దాటాయి.

"రక్తం గ్రూపు ఒకటే గదన్నా, ఇంక దేనికి సరిపోదంటరు?" రక్త క్యాన్సరో తలసేమియానో ఉన్న పిల్లల ఇళ్లలో, డాక్టరు బోన్ మ్యారో, అంటే ఎముకల్లోని మూలుగ, మార్చాలన్న రోజు నుంచీ నలిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపలి ప్రోటీన్లను సన్నని తునకలు చేసి, బయటి గోడమీద పెట్టి చూపిస్తుంది. ఆ తునకను పట్టుకుని నిలిచేది హెచ్‌ఎల్‌ఏ. ఒళ్లంతా తిరిగే టి-కణాలు వచ్చి, ఇది మనదా, ఏ వైరస్‌దైనానా అని చూస్తాయి. వైరస్‌దైతే ఆ కణాన్ని చంపేస్తాయి. తమది కాని హెచ్‌ఎల్‌ఏ కనిపించినా అలాగే తిరగబడతాయి, అందుకే మూలుగ మార్చేటప్పుడు రక్తం గ్రూపు ఒక్కటే కలిస్తే చాలదు. జొన్నలకో జల్లెడ, పల్లీలకో జల్లెడ ఉన్నట్టు, ఒక్కో రకం హెచ్‌ఎల్‌ఏలో ఒక్కో తీరు తునకలే నిలుస్తాయి. ఊరంతటికీ ఒకే రకం ఉంటే, అందులో నిలవని తునకలున్న జబ్బొకటి వస్తే చాలు, ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఇన్ని రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి వేరొకటి వచ్చినవాళ్లలో హెచ్‌ఐవీ నెమ్మదిగా ముదురుతుందని 1999లోనే తేలింది. బి57 అనే రకం ఉన్నవాళ్లు ఆ వైరస్‌ను ఇంకా బాగా అదుపు చేస్తారు. కానీ వాళ్లలో బి57:01 ఉన్నవాళ్లకు అబకవిర్ అనే హెచ్‌ఐవీ మందు ఇస్తే ఒళ్లు తిరగబడొచ్చు. అందుకే ఆ మందు రాసేముందు ఈ పరీక్ష చేస్తారు.

ఈ శాస్త్రం ఎవరి రక్తంతో మొదలైందో చెప్పనివ్వండి. 1958లో పారిస్‌లో జాన్ డోసే, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న రోగుల్లో, పరాయివాళ్ల తెల్లకణాల మీద తిరగబడే యాంటీబాడీలను చూశాడు. 1980లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే రోజుల్లో నెదర్లాండ్స్‌లో వాన్ రూడ్, అమెరికాలో రోజ్ పేన్ అలాంటి యాంటీబాడీలనే పిల్లల్ని కన్న తల్లుల్లో పట్టుకున్నారు. కడుపులో బిడ్డలో సగం తండ్రి రకమే కదా, తల్లి ఒళ్లు దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. 1964లో లాస్ ఏంజిలిస్‌లో పాల్ టెరసాకి చిన్న పరీక్షొకటి కనిపెట్టాడు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పళ్లెం, నిండా గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో తల్లి సీరం, మిల్లీలీటరులో వెయ్యోవంతు. అందులో మనిషి తెల్లకణాలు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఏ గుంటలో కణాలు చచ్చాయో ఆ రకం అతనిలో ఉన్నట్టు. పేరు కూడా ఎవరికీ తెలియని ఆ తల్లుల రక్తంతోనే ప్రపంచమంతా ఏళ్ల తరబడి అవయవాలకు జోడీలు చూసుకుంది. నాకు ఈ కథలో అందరికంటే పెద్దవాళ్లు వాళ్లే. ఇప్పుడు ఆ పని డీఎన్‌ఏ పరీక్ష చేస్తోంది.

ఇక మన ఇళ్ల సంగతి. ఈ జన్యువులన్నీ ఆరో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి, అందుకే సెట్టుగా దిగుతాయి. తండ్రి నుంచి ఒక సెట్టు, తల్లి నుంచి ఒక సెట్టు. కాబట్టి తోడబుట్టినవాడితో పూర్తిగా కలిసే అవకాశం నూటికి 25. తాతల కాలంలోలా ఐదుగురు తోడబుట్టినవాళ్లుంటే, వాళ్లలో కనీసం ఒక్కరైనా కలిసే అవకాశం నూటికి 76. ఇప్పుడు ఇంటికి ఇద్దరే పిల్లలు, అంటే రోగికి ఉన్నది ఒక్క తోడు, ఒక్క పాతిక అవకాశం. తల్లితోనో తండ్రితోనో సగమే కలిసినా మార్పిడి చేసే పద్ధతి ఇప్పుడు ఉంది. అయినా పూర్తి జోడీ దొరికితే డాక్టర్లు దానికే మొగ్గుతారు.

మేనరికం ఉన్న ఇళ్లలో లెక్క మారుతుంది. మేనమామా మేనకోడలూ ఒక సెట్టును పంచుకునే అవకాశం సగానికి సగం. అందుకే ఆ దంపతుల బిడ్డకు తల్లిలోనో, తండ్రిలోనో, బాబాయి పిల్లల్లోనో జోడీ దొరకడం కద్దు. అలాంటి ఇళ్లలో మొహమాటపడకుండా చుట్టరికం మొత్తం డాక్టరుకు చెప్పండి. అలాగని మేనరికాన్ని నేను మెచ్చుకోవడం లేదు. తలసేమియా లాంటి జబ్బులు బిడ్డకు ఇద్దరి నుంచీ దిగే ముప్పు పెరిగేది కూడా అక్కడే.

ఇంట్లో దొరకకపోతే బయట వెతకాలి. ఎక్కడ వెతకాలో మన పెళ్లిళ్ల చరిత్రే చెబుతుంది. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. దేశంలోని 25 సమూహాల నుంచి 132 మందిని తీసుకుంటే, అందులో మన చెంచులు, మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలివారు ఉన్నారు. వైశ్యుల్లో రెండు మూడు వేల ఏళ్లుగా బయటి సంబంధాలు లేనంత తక్కువని అందులో తేలింది. 2013లో ఇంకో అధ్యయనం, ఈ దేశంలో జనం విరివిగా కలిసింది 4,200 నుంచి 1,900 ఏళ్ల కింద, ఆ తరువాత ఎవరి గుంపులో వాళ్లు పెళ్లాడటం మొదలైందని చెప్పింది. కల్వకుర్తి వాళ్లు పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ వెల్దండ, వంగూరు, అచ్చంపేట దిక్కే కదా. ఆ సంబంధాల వెంటే హెచ్‌ఎల్‌ఏ సెట్లూ తిరుగుతుంటాయి.

అందుకే పరాయి దేశపు జాబితాలు మనల్ని పూర్తిగా ఆదుకోలేవు. యూరప్‌లో బాగా కనిపించే సెట్టు ఎ1-బి8-డిఆర్3. మన దేశంలో దాని చోట ఎక్కువగా కనిపించేది ఎ26-బి8-డిఆర్3. ఒక్క ముక్క తేడాతో జోడీ తప్పిపోతుంది. ప్రపంచంలో, మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాల దాతలుగా పేరిచ్చినవాళ్లు నాలుగు కోట్లు దాటారు, జర్మనీలోనే దాదాపు కోటి మంది. 140 కోట్ల మన దేశం లెక్క ఇంకా లక్షల్లోనే ఉంది. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి, ఈ మధ్య బెంగళూరు కేంద్రంగా వచ్చిన డీకేఎంఎస్ ఇక్కడ దాతల పేర్లు నమోదు చేస్తున్నాయి. వాళ్ల జాబితాలో పాలమూరు మట్టి మనుషులు ఎంతమంది ఉంటే, పాలమూరు పిల్లలకు అంత ఆశ.

పేరివ్వడానికి చెంప లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు. వెన్నెముకలోంచి తీస్తారని భయపడేవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు. జోడీ కుదిరితే, ఎక్కువమంది దాతలకు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు, ఒళ్లు నొప్పులు ఉండొచ్చు. తరువాత ఒక చేతి నుంచి రక్తం తీసి, మిషన్‌లో మూలకణాలు వేరుచేసి, మిగిలింది ఇంకో చేతికి ఎక్కిస్తారు. నాలుగైదు గంటల పని. ఇచ్చిన కణాలు కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతాయి.

పద్దెనిమిది దాటి యాభై లోపు ఉన్నవాళ్లు పేరివ్వండి. ఇచ్చేముందే ఇంట్లో అమ్మతో, నాన్నతో, పెళ్లయితే భార్యతోనో భర్తతోనో మాట్లాడుకోండి. ఎందుకంటే దాత సరేనన్నాక, మార్పిడికి కొద్ది రోజుల ముందు రోగి ఒంట్లో ఉన్న మూలుగను మందులతో పూర్తిగా చంపేస్తారు. అప్పుడు మీరు వెనక్కి తగ్గితే ఆ బిడ్డకు మిగిలేది ఏమీ ఉండదు. పేరిస్తే, పిలిచిన రోజున వెళ్లండి.