కూలికి కాకుండా చూసేకి పోయిన మూడు రోజులు

అనంతపురం అనగానే అందరూ కరువు అంటారు. అది నిజమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఈ కరువు నేలలో చూడదగినవి ఎన్నో ఉన్నాయి. వాటిని మన ఇళ్లవాళ్లు చాలామంది చూడలేదు. ఆ మాట చెప్పడానికే మన వార్షికోత్సవ సంచికలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఈ వ్యాసకర్త. ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చివరి సంవత్సరం. మా నాయనది బేల్దారి పని. అమ్మ శెనక్కాయ చేన్లలో కూలికి పోతుంది. మేము ప్రయాణాలు ఎరగనివాళ్లం కాము. వానలు రాని ఏడాది ఇంటికి తాళం వేసి బెంగుళూరు పోయేవాళ్లం. కట్టే మేడల పక్కనే రేకుల షెడ్లలో ఉండేవాళ్లం. అన్నిసార్లు పోయినా లాల్‌బాగ్ తోట గేటు కూడా దాటలేదు. ప్రయాణం అంటే మాకు వలసే.

అందుకే పోయిన సంక్రాంతి సెలవుల్లో జిల్లా చూసొద్దామని అంటే అమ్మ ఆశ్చర్యపోయింది. "ఊరికే చూసేకి పోయేదా? ఏంటికి?" అంది. మా మేనమామ బాడుగకు తోలే బొలెరోకు డీజిలు మేము పోసుకునే షరతు మీద మూడు రోజులు దొరికింది. నాయన, అమ్మ, అవ్వ, చెల్లెలు, మామ, ఈ వ్యాసకర్త కలిసి ఆరుగురం. జొన్నరొట్టెలు, ఊరిబిండి, చిత్రాన్నం మూట కట్టుకుని బయలుదేరాము.

మొదట ఆగింది అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద. 1364లో బుక్కరాయల దగ్గరి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా ఈ చెరువు కట్టించాడని చరిత్ర చెబుతుంది. చెరువు తెగబోతే ముసలమ్మ అనే కోడలు గండికి బలిగా నిలబడి ఊరిని కాపాడిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణము' కావ్యం రాసింది ఈ కథ మీదనే. అమ్మ అంతా విని, "కట్ట తెగితే ఆడమనిషే కావల్లనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

అక్కడ నుంచి తాడిపత్రి పోయాము. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. ఏట్లో ఇసుక తప్ప ఏమీ కనపడదు. గుడిలో మాత్రం లింగం కింద నీటి ఊట ఊరుతూనే ఉంటుందని, అందుకే బుగ్గ అనే పేరు వచ్చిందని అంటారు. ఊళ్లోనే చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథం ఉంది. ఈ రెండు గుళ్లూ విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినవి. బుగ్గ గుడి గోపురం పూర్తి కాలేదు గానీ, కట్టినంత మేర చెక్కడానికి లెక్క లేదు. నాయన రాతి అతుకుల మీద వేలు పెట్టి చూసుకుంటూ చాలాసేపు తిరిగాడు. తర్వాత, "కట్టించినోళ్ల పేర్లు చెప్పినావు. కట్టిన మేస్త్రీ పేరేందిరా?" అన్నాడు. మేము చదివిన పుస్తకాల్లో ఆ పేరు లేదు. అదే మాట చెప్పాము. "రాసుకోల్లేదా ఎవురూ?" అని ఊరుకున్నాడు.

సాయంత్రానికి గుత్తి చేరాము. అవ్వను కిందనే మామ దగ్గర కూర్చోబెట్టి మిగతావాళ్లం కోట ఎక్కాము. ఇక్కడ మరాఠా నాయకుడు మురారి రావు ఏలాడు. 1776లో హైదర్ అలీ సైన్యం చుట్టుముట్టినప్పుడు కొండ మీద నీళ్లు అయిపోయి లొంగిపోవలసి వచ్చింది. "నీళ్లు లేకుంటే రాజైనా కొండ దిగల్ల" అన్నాడు నాయన. బోరు ఎండి, వలస బస్సు ఎక్కిన మనిషి మాట అది.

రెండో రోజు పెనుకొండ చూశాము. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. గగన్ మహల్ ఇంకా నిలబడి ఉంది. ఊరికి దగ్గరలోనే 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. చెల్లెలు రోడ్డు మీద నుంచే దాన్ని చూసి, ఐ.టి.ఐ. సీట్ల గురించి మామను అడగడం మొదలుపెట్టింది.

మా అందరికీ ఎక్కువగా నచ్చింది లేపాక్షి. అచ్యుత దేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అది. ఊరి మొదట్లోనే సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తుతో ఒకే రాతి నంది ఉంది. దాని ముందర ఫోటోలు దిగి గుడి దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగిపోయింది. "ఈడ నుంచే మొక్కుదాం లే" అంది. మా ఊళ్లో మేము మొక్కేది ధ్వజస్తంభం ఇవతల నుంచే. ఎవరూ ఏమీ చెప్పకుండానే కాళ్లు అలవాటుగా ఆగిపోతాయి. చెల్లెలు అమ్మ చెయ్యి పట్టుకుంది. అందరం కలిసే గడప దాటాము. ఎవరూ మమ్మల్ని ఏ ఊరని గానీ, ఎవరని గానీ అడగలేదు.

లోపల నేలకు పూర్తిగా ఆనకుండా ఉన్న వేలాడే స్తంభం కింద అందరూ బట్ట దూర్చి లాగుతుంటారు. అమ్మ తన చీర కొంగే దూర్చి ఇవతలికి లాగింది. మళ్లీ ఒకసారి లాగింది. మంటపం పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూస్తూ అవ్వ, చెల్లెలు మెడలు నొప్పి పుట్టేదాకా నిలబడ్డారు. వెనక వైపు పూర్తి కాని కల్యాణ మంటపం ఉంది. ఖజానా సొమ్ము వాడాడని నింద పడి విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కున్నాడని, అందుకే పని ఆగిందని చెబుతారు. నాయనకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. "పని సగంలో ఆగింది సరే, కూలోళ్లకు దుడ్లు అందినాయో లేదో" అన్నాడు. బెంగుళూరులో ఒక మేస్త్రీ రెండు నెలల కూలి ఎగ్గొట్టిన సంగతి మాకందరికీ గుర్తే.

మూడో రోజు కదిరి నరసింహస్వామిని చూసుకుని తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి పోయాము. సుమారు 5 ఎకరాలు పరుచుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలో చేరింది. ఊడలే వెయ్యికి పైగా ఉన్నాయి. లేత ఊడలను వెదురు బొంగుల్లోంచి నడిపించి నేలకు దించుతారట. తిమ్మమ్మ భర్త చితిలో కాలిన చోట మొలిచిందని కథ. ముసలమ్మ కథ విన్న అమ్మ ఈసారి ఏమీ అనలేదు. అవ్వ మాత్రం నీడలో రొట్టె తింటూ, "కొమ్మ దూరం పోవల్లంటే కింద ఊడ దిగల్ల" అంది. ఆమెకు చదువు రాదు. మాకు హాస్టల్ గుర్తుకొచ్చింది. ఆరో తరగతిలో పెట్టె పట్టుకుని వచ్చిన పిల్లలను నేలకు ఆనించింది ఆ గదులే కదా.

లేపాక్షి, పెనుకొండ, కదిరి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా అవి మనకు దూరం కాలేదు. తాడిపత్రికి అనంతపురం నుంచి, లేపాక్షికి హిందూపురం నుంచి బస్సులున్నాయి. మన హాస్టల్ పిల్లలను ఏడాదికి ఒక్కచోటికైనా తీసుకుపోవాలని వార్డెన్ గారిని, పూర్వ విద్యార్థులను కోరుతున్నాము.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు మాత్రమే పోకండి. అమ్మానాయనలను వెంట తీసుకుపోండి. మనం పుస్తకంలో చదివింది వాళ్లకు చెబుదాం. వాళ్లు చేతులతో నేర్చింది మనకు చెబుతారు. ఇంటికొచ్చిన రాత్రి అమ్మ ఖర్చు లెక్క వేసుకుంది. మూడు రోజుల కూలి పోయిందని కూడా కలిపింది. తర్వాత, "మళ్లా యాడికి పోదాం?" అని అడిగింది.