ఒక మచ్చ నేర్పిన పాఠం

మా మనవరాలి ఎడమ చేతిమీద, మోచేతి మడతకు కాస్త దిగువన, రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉంది. తెలియనివారు పుట్టుమచ్చ అనుకుంటారు, తెలిసినవారు కాలిన మచ్చ అంటారు. ఆ మచ్చకు బాధ్యులెవరో మాత్రం చాలా రోజుల వరకు ఇద్దరికే తెలుసు. ఒకరు మా కోడలు, ఆమె చెప్పలేదు. రెండోవారు మేము, మేమూ చెప్పలేదు. ఆమె మౌనం ఔన్నత్యం, మా మౌనం పిరికితనం. ఈ వ్యాసం ఆ పిరికితనానికి పరిహారంగా రాస్తున్నది. చదివిన ఇళ్ళలో ఒక్క పసిబిడ్డకైనా మేలు జరిగితే అదే మాకు చాలు.

అది గత సంవత్సరం చలికాలం. నంద్యాలలోని మా ఇంటికి అస్ర్ నమాజు ముగించుకుని వచ్చి, ఎత్తు తక్కువ బల్ల ముందు కూర్చుని విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతున్నాము. మా ఇల్లాలు గ్లాసునిండా టీ తెచ్చి చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళింది. పొగలు కక్కుతున్న ఆ గ్లాసును బల్ల అంచున, పరిచిన గుడ్డమీద పెట్టింది మేమే. ఇంతలో కోడలు రెండున్నరేళ్ళ పాపను మా పక్కన కూర్చోబెట్టి, "అబ్బా, పాపను కాస్త చూస్తుండండి, నమాజు చేసుకుని వస్తాను" అంది. పత్రం మీదినుండి చూపు తిప్పకుండానే సరేనన్నట్లు తల ఊపాము.

తల ఊపడమంటే ఒప్పుకోవడమే. ఒప్పుకున్నది అమానతు. అమానతు గురించి ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాళ్ళం మేము. ఆ సాయంత్రం మాత్రం పసిబిడ్డ బల్లగుడ్డ అంచు పట్టుకుని నిలబడబోయిన సంగతి కూడా గమనించలేదు. గ్లాసు ఒరిగిన చప్పుడు, బిడ్డ కేక ఒకేసారి వినబడ్డాయి.

తర్వాతి రెండు నిమిషాల్లో మా ఇంట్లో జరిగినది మన చాలా ఇళ్ళలో జరిగేదే. మేము బిడ్డను ఒడిలోకి లాక్కుని దుఆ చదివి ఊదసాగాము. మా ఇల్లాలు పరుగున వచ్చి పళ్ళపొడి పేస్టు కోసం అలమరా తెరిచింది. కేక విని వచ్చిన పొరుగింటి పెద్దావిడ సిరా పూయమంది. అందరం ఏకగ్రీవంగా అన్న మాట ఒక్కటే: "నీళ్ళు మాత్రం తగలనివ్వకండి, బొబ్బలెక్కుతాయి!"

కోడలు నమాజును మధ్యలోనే విడిచి వచ్చింది. ప్రాణాపాయంలో ఉన్నవారిని, మంటల్లోనో బావిలోనో పడబోయేవారిని కాపాడడానికి నమాజును ఆపివేయాలని ఫిఖ్ గ్రంథాలు చెబుతాయి. ఆ మస్అలాను మేము ఏటా తరగతిలో బోధిస్తాము. ఆమె దాన్ని ఏ తరగతిలోనూ చదవలేదు, ఆచరించింది. బిడ్డను మా ఒడిలోంచి తీసుకుని నేరుగా పెరటి కుళాయి కిందికి వెళ్ళింది. మేము వెంటపడి, "నీళ్ళు వద్దమ్మా" అన్నాము. పెళ్ళయి వచ్చిన నాటి నుండి మా ఎదుట గొంతెత్తని ఆ పిల్ల మొదటిసారి గొంతెత్తింది. "పోయాలబ్బా! టీకాలు వేసే నర్సమ్మ చెప్పింది. 20 నిమిషాలు పోయాలి" అంది.

తడిసిన గౌనును మెల్లగా విప్పించింది. మణికట్టుకున్న నల్లపూసల దండను కత్తెరతో కత్తిరించి తీసేసింది. చేయి వాచిన తర్వాత అటువంటివి బిగుసుకుపోయి రావట. చేతిమీద సన్నని ధారగా నీరు పడుతూనే ఉంది. చలికాలం కావడంతో బిడ్డ వణకకుండా మిగిలిన ఒంటికి దుప్పటి చుట్టింది. మా ఇల్లాలు ఫ్రిజ్ లోంచి మంచుగడ్డలు తెస్తే వారించింది. మంచు కాలిన చర్మానికి మరింత హాని చేస్తుందని, మామూలు చల్లని కుళాయి నీరే సరైనదని ఆమె చెప్పింది. గోడ గడియారం చూస్తూ మేము నిమిషాలు లెక్కపెట్టాము. 20 నిమిషాలు అంత దీర్ఘమైనవని అంతకుముందు మాకు తెలియదు. నీళ్ళు ఆపి, ఉతికిన పొడి నూలుగుడ్డను వదులుగా కప్పేసరికి మగ్రిబ్ అజాన్ వినబడింది. నమాజు ముగిసీ ముగియగానే ఆటోలో వైద్యుని వద్దకు వెళ్ళాము.

వైద్యుడు గుడ్డ తొలగించి చూసి మొదట అడిగిన ప్రశ్న, "నీళ్ళు ఎంతసేపు పోశారు?" కోడలు చెప్పగానే, "అమ్మా, సగం వైద్యం మీరే చేసుకొచ్చారు" అన్నాడు. వేడి ద్రవం ఒలికిపోయినా దాని వేడి చర్మం లోపలి పొరలకు దిగుతూనే ఉంటుందని, పారే చల్లని నీరు ఆ వేడిని లాగివేసి గాయం మరింత లోతుకు పోకుండా ఆపుతుందని వివరించాడు. వెంటనే పోస్తే ఎంతో మేలు, ఆలస్యమైనా మూడు గంటలలోపు పోస్తే ప్రయోజనం ఉంటుందట. బొబ్బలు నీటివల్ల రావు, కాలిన లోతునుబట్టి వస్తాయి. పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, గుడ్డు తెల్లసొన వంటివి పూస్తే గాయంలో క్రిములు చేరే ప్రమాదం ఉంది. పైగా అవన్నీ కడిగితే తప్ప గాయం లోతు వైద్యునికి కనబడదు.

తర్వాత బిడ్డ అరచేతిని గాయానికి దగ్గరగా పట్టి కొలిచాడు. వేళ్ళతో సహా ఎవరి అరచేయి వారి శరీర చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. కాలినది రెండు అరచేతుల మేర. ఆసుపత్రిలో చేర్చనవసరం లేదన్నాడు. అయితే ఐదేళ్ళలోపు పిల్లలకు కాలినా, ముఖం, చేతులు, పాదాలు, మర్మస్థానాలు, కీళ్ళ దగ్గర కాలినా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియకపోయినా ఇంట్లో ఉంచుకోకూడదని గట్టిగా చెప్పాడు. ధనుర్వాతం టీకా వేయించారో లేదో కార్డు చూసి నిర్ధారించుకున్నాడు.

"మచ్చ పడుతుందా?" అన్న ప్రశ్న మా ఇల్లాలు అడిగింది. రెండు వారాల్లో మానిపోతే సాధారణంగా గట్టి మచ్చ మిగలదని, రంగు తేడా మాత్రం కొన్ని నెలలు ఉండవచ్చని, మూడు వారాలు దాటినా మానకపోతేనే ఉబ్బెత్తు మచ్చ పడే అవకాశం ఎక్కువని వైద్యుడు చెప్పాడు. ఆనాటి నుండి మా ఇంట్లో రోజుల లెక్క మొదలైంది.

లెక్కతోపాటు పరామర్శలూ మొదలయ్యాయి. బంధువులు, ఇరుగుపొరుగు వచ్చారు. పరామర్శ పుణ్యకార్యం. కాని మనవారు పరామర్శకు వచ్చి తీర్పు చెప్పి వెళుతుంటారు. "ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. చేతిమీద మచ్చ పడితే ఎలా?" అని ఒకరు. "తల్లి అన్నాక కళ్ళు బిడ్డమీదే ఉండాలి" అని ఇంకొకరు. "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ ఎక్కడిది?" అని మరొకరు. కోడలు తలవంచుకుని వచ్చినవారికి టీ అందిస్తూనే ఉంది. ఒకనాటి రాత్రి మా అబ్బాయి కూడా ఆమెతో, "ఆ పది నిమిషాలు పాపను నీ దగ్గరే ఉంచుకోవలసింది" అనడం మా చెవిన పడింది. ఆమె ఏదో చెబుతుందని ఎదురుచూశాము. 'మీ అబ్బాకు అప్పగించే వెళ్ళాను' అన్న ఒక్క మాట చాలు. ఆమె అనలేదు.

మేమూ అనలేదు. ఎందుకనలేదో మనసును అడిగాము. పెద్దరికం అడ్డువచ్చింది. పదిమందికి బుద్ధులు చెప్పే నోరు తన తప్పు చెప్పడానికి పెగలలేదు. బిడ్డ చేతిమీది బొబ్బకంటే అది మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

ఆరవనాటి రాత్రి నిద్రపట్టక, ముస్నద్ అహ్మద్ లోని ఒక ఉల్లేఖనం తీసి చూశాము. ముహమ్మద్ బిన్ హాతిబ్ (రజి) పసితనంలో జరిగిన సంఘటన అది. ఆయన తల్లి ఉమ్మె జమీల్ (రజి) అబిసీనియా నుండి మదీనాకు వస్తున్నారు. ఊరు ఇంక ఒకటి రెండు రాత్రుల దూరంలో ఉండగా వంట చేస్తూ, కట్టెలు అయిపోతే వెతకడానికి వెళ్ళారు. ఇంతలో బిడ్డ కుండను అందుకోబోగా అది చేతిమీద ఒలికి చేయి కాలింది. ఆమె బిడ్డను దైవప్రవక్త (స) వద్దకు తీసుకువెళ్ళారు. ఆయన (స) స్వస్థత కోసం దుఆ చేశారు. అక్కడి నుండి లేచేసరికే చేయి నయమైందని ఆ తల్లి తానే కుమారునికి చెప్పారు.

రోగికోసం చేసే దుఆను బోధించేటప్పుడు ఈ సంఘటనను ఎన్నోసార్లు చెప్పాము. కాని ఆ రాత్రి దానిలో అంతవరకు చూడని రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, తాను కట్టెలకోసం వెళ్ళిన సమయంలోనే ప్రమాదం జరిగిందని ఆ తల్లి దాచలేదు, ఉన్నది ఉన్నట్లు కొడుకుకే చెప్పుకున్నారు. రెండవది, ఆ ఉల్లేఖనంలో ఆమెను నిందించిన మాట ఒక్కటీ లేదు. దైవప్రవక్త (స) బిడ్డను దగ్గరకు తీసుకుని దుఆ చేశారు. తల్లిని సంజాయిషీ అడిగినట్లు అందులో లేదు. మన ఇళ్ళలో బిడ్డ కాలితే ముందుగా అడిగేది సంజాయిషీయే.

మరునాడు అస్ర్ తర్వాత ఇంటి నిండా మనుషులున్నప్పుడే ఆ మాట చెప్పాము. "టీ గ్లాసును బల్ల అంచున పెట్టింది మేము. పాపను చూస్తామని ఒప్పుకుని చూడనిది మేము. నీళ్ళు పోస్తుంటే వద్దన్నదీ మేమే. మా మాట విని ఉంటే గాయం ఇంకా లోతుకు పోయేది. ఇకపై ఎవరైనా నిందించదలిస్తే మా కోడలిని కాదు, మమ్మల్ని నిందించండి." గది నిశ్శబ్దమైపోయింది. మా అబ్బాయి తల దించుకున్నాడు. కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగివచ్చి, పాపను మా చేతుల్లో పెడుతూ, "పాలు పొయ్యిమీద ఉన్నాయబ్బా, పాపను కాస్త చూస్తుండండి" అంది. ఆ వాక్యంలో క్షమాపణ దొరికినంత హాయి మాకు ఏ ఓదార్పులోనూ దొరకలేదు. ఈసారి తల ఊపలేదు. పుస్తకం మూసి పాపను గుండెలకు హత్తుకున్నాము.

గాయం సంగతి కూడా చెప్పాలి. బొబ్బలను మేము చిదపలేదు, వైద్యుడు చెప్పిన రోజున చెప్పిన చోటనే కట్టు మార్పించాము. 12వ రోజుకు చాలావరకు లేత గులాబి రంగు చర్మం వచ్చింది. మోచేతి మడత దిగువన ఒక చిన్న భాగం మానడానికి మాత్రం 19 రోజులు పట్టింది. పూర్తిగా మానిన తర్వాత రోజూ రెండుమూడుసార్లు వాసన లేని పెట్రోలియం జెల్లీ రాసి మెత్తగా మర్దన చేశాము. ఎండ తగిలితే కొత్త చర్మం నల్లబడుతుందని ఏడాదిపాటు పొడవు చేతుల గౌన్లే తొడిగారు. కీలు దగ్గర మచ్చ బిగుసుకుని చేయి ముడుచుకుపోకుండా, బొమ్మను దూరంగా పట్టుకుని చేయి చాచి అందుకునే ఆట ఆడించాము. ఆ ఆట మా వంతు. దురద పుట్టినప్పుడు గోకనివ్వకుండా చల్లని తడిగుడ్డ వేసేవారు. మచ్చ ఉబ్బెత్తుగా మారితే సిలికాన్ జెల్ వాడవచ్చని వైద్యుడు చెప్పాడు గాని, ఆ అవసరం రాలేదు. కాలిన మచ్చ తన తుది రూపానికి రావడానికి ఏడాది నుండి రెండేళ్ళు పడుతుందట. మొదటి నెలలో కనిపించేదే శాశ్వతమని తల్లులు బెంగపెట్టుకోనక్కరలేదు.

సోదర సోదరీమణులారా! దుఆ చేయవద్దని మేము ఎన్నటికీ అనము. అది విశ్వాసికి ఊపిరి. కాని ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్ పై భారం వేయమన్న బోధన మనకు తెలిసినదే. బిడ్డ కాలినప్పుడు కుళాయి తిప్పడమే ఒంటెను కట్టడం. నాలుకతో దుఆ చేస్తూ చేత్తో నీళ్ళు పోయండి. పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయండి. పసిపిల్లలున్న ఇంట్లో వేలాడే బల్లగుడ్డలు తీసేయండి. కాచి పావుగంటయిన టీ కూడా పసి చర్మాన్ని కాల్చగలదని మరవకండి. బిడ్డను ఒడిలో ఉంచుకుని వేడి గ్లాసు చేతిలో పట్టుకోకండి. పరామర్శకు వెళితే ఒక దుఆ, ఒక మంచిమాట, వీలైతే ఒకపూట వంట ఇచ్చి రండి. తీర్పులు ఇవ్వకండి.

ఇక ఆ మచ్చ సంగతి. అది ఏళ్ళ తరబడి ఉండనీ, చెరిగిపోనీ, ఆ బిడ్డ విలువ దానివల్ల రవ్వంతయినా తగ్గదు. ఆమె అడిగే వయసు వచ్చినప్పుడు ఆ మచ్చ కథను మేమే చెబుతాము. అప్పటికి మేము లేకపోతే ఈ కాగితం చెబుతుంది: నాన్నమ్మది కాదు, అమ్మది అసలే కాదు, ఆ తప్పు దాదాది. ఆ చేతిని కాపాడింది మాత్రం మీ అమ్మ.

పసిబిడ్డలున్న ప్రతి ఇంటినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! తప్పును ఒప్పుకునే ధైర్యాన్ని పెద్దలమైన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.