కొత్తగా నేర్చేవారికి లినక్స్ తగునా?

ఇటీవల మా విద్యార్థి ఒకడు పాత ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని మా గదికి వచ్చాడు. "సార్, దీనికి విండోస్ 11 ఎక్కదట. కొత్తది కొనే స్తోమత అబ్బాకు లేదు. లినక్స్ వేసుకోమంటారా?" అని అడిగాడు. తెలుగు బోధించే మమ్ములను ఇట్లా అడగడం వింత కాదు. మేము ఇంట లినక్స్ వాడుతున్నామని అతడికి తెలుసు. ఆ దారిన పడి మేము ఏమి పోగొట్టుకొన్నామో మాత్రం తెలియదు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా సాధనము, కొత్త తరపు ప్రాసెసరు లేని యంత్రాలు అనేకం. అవి చెడిపోలేదు, కాలదోషం పట్టినవని త్రోసివేయబడ్డాయి, అంతే. అట్టివాటికి లినక్స్ ఒక ఆశ్రయం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళికకు, 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెల్ తోడుకాగా ఈ వ్యవస్థ రూపొందింది. దీనిని ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇంతటి సద్గుణాలు చదివి మురిసి, కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి మేమే స్వయంగా లినక్స్ ఎక్కించబూనాము. డిస్కు మొత్తము తుడిచివేయాలా అని యంత్రం అడిగింది. సరిగా చదువకుండానే ఔనన్నాము. ఎం.ఎ. నాటి నోట్సు పోతే పోయింది. కాని అబ్బాజాన్ మాకు ఉర్దూలో వ్రాసిన ఉత్తరాల ప్రతులు కూడా అందులోనే ఉన్నాయి. అసలు కాగితాలను అప్పటికే చెదలు తినివేసింది. దోషం లినక్స్‌ది కాదు, మా తొందరపాటుది. అయినా ఆ దస్తూరీ మళ్లీ మా కంటబడలేదు.

మరొక చిక్కు ఇట్టి సంచికల పనిలోనే ఉన్నది. తెలుగు పుటలకు అను ఫాంట్లు, ఉర్దూ పుటలకు ఇన్‌పేజ్ వాడడం మన అచ్చుపనిలో చిరకాలపు అలవాటు. ఇవి విండోస్‌ను నమ్ముకొన్న సాధనాలు. డి.టి.పి. పనితో పొట్ట పోసుకొనేవారు విండోస్‌ను పూర్తిగా వదలుకొనుట వివేకం కాదు. యూనికోడ్‌లో వ్రాసేవారికి ఆ బాధ లేదు. తెలుగూ, నస్తాలీఖ్ ఉర్దూ రెండూ లినక్స్‌లో చక్కగా కనబడతాయి. వ్యాసం వ్రాసుకొనుటకు లిబ్రె ఆఫీస్, అంతర్జాలానికి ఫైర్‌ఫాక్స్ చాలు. మా వేళ్లు పాత అలవాట్లు మరచుటకు నెలలు పట్టింది. కొత్తగా నేర్చేవాడికి మరువవలసినదే తక్కువ.

కనుక అతడికి మేము చెప్పినది ఇంతే: "నాయనా, మొదట నీ ఫైళ్లన్నిటినీ వేరొక డిస్కులోకి ఎక్కించు. పిదప లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దానినుంచే యంత్రాన్ని నడిపి చూడు. లోపలి డిస్కును ముట్టుకోనక్కరలేదు. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, కంగారుపడకు. వైఫై, శబ్దం, ప్రింటరు, తెలుగు కీబోర్డు పరీక్షించు. అన్నీ కుదిరితేనే స్థిరపరచుకో."

వారం తర్వాత అతడు మళ్లీ వచ్చాడు. వైఫై పనిచేసిందట, ప్రింటరు మొండికేసిందట. ఇంకా ఏమీ స్థిరపరచలేదన్నాడు. "కాని సార్, ముందుగా మా ఆపా నికా ఫొటోలు వేరే డిస్కులో భద్రం చేశాను" అన్నాడు.

ఉత్తరాల సంగతి అప్పుడు చెప్పాము.